కరెంటు పోయిన నిమిషం: ఒక్క సీనుతో షాటు, వెలుగు, శబ్దం నేర్చుకోవడం

మంచి ఫోను ఉంది, నటించడానికి ఇద్దరు ఒప్పుకున్నారు, ఆదివారం ఇల్లు ఖాళీగా ఉంటుంది. విజయవాడలో షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునేవాళ్ళు చాలామంది ఇక్కడే మొదలుపెడతారు. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. తీసి చూసుకుంటే మాటలన్నీ వినిపిస్తున్నాయి, మొహాలన్నీ కనిపిస్తున్నాయి, కానీ చూసినవాళ్ళకి ఏమీ అనిపించలేదు. కారణం తెలియడానికి చాలా కాలం పట్టింది. నా సీన్లలో మాట చెప్పిందే మొహం చెప్పేది. మొహం చెప్పిందే వెలుగు చెప్పేది. చివరికి అదే సంగతి వయొలిన్ కూడా చెప్పేది. ఒకే ముక్క నాలుగుసార్లు విన్న మనిషికి తనంతట తాను కనిపెట్టడానికి ఏం మిగులుతుంది?

షాటు ఒక సంగతి చెప్పాలి, వెలుగు ఇంకో సంగతి, శబ్దం మరో సంగతి. ఆ మూడింటినీ కలుపుకునే పని చూసేవాళ్ళకి వదలాలి. దీన్ని చదివి నేర్చుకోవడం కష్టం, తీసి నేర్చుకోవాలి. అందుకే ఒకే ఒక సీను ఇస్తున్నాను. నిడివి రెండు నిమిషాలు. ఒక ఫోను, ట్రైపాడ్, శబ్దం రికార్డు చేయడానికి ఇంకో ఫోను, ఒక తెల్ల థర్మాకోల్ షీటు, ఒక నల్ల దుప్పటి ఉంటే చాలు.

ముందు సీను చదవండి

వన్‌టౌన్‌లో రైలు పట్టాలకి దగ్గరగా రెండు గదుల ఇల్లు. పొద్దున తొమ్మిదిన్నర. స్టవ్ మీద కుక్కర్లో పప్పు ఉడుకుతోంది. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. కొడుకు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన బ్యాగుతో హాల్లోకి వచ్చాడు. వాడి ఉద్యోగం పోయి పది రోజులైంది. ఇంట్లో చెప్పలేదు. రోజూ ఆఫీసుకని బయల్దేరి, ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుకలో కూర్చుని, సాయంత్రం ఇంటికొస్తున్నాడు.

“టిఫిన్ చేయవా?”
“ఆకలిగా లేదమ్మా.”
“నిన్నా ఇదే అన్నావ్.”
“లేటవుతోంది.”
“పోనీ బాక్స్ పెట్టనా?”
“వద్దమ్మా. క్యాంటీన్ ఉందిగా.”

కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది. కరెంటు పోతుంది. ఫ్యాను మెల్లగా ఆగుతుంది.

“బూట్ల నిండా ఇసకరా. దులిపి పెట్టాను.”

కొడుకు మాట్లాడడు. నాలుగో విజిల్ వస్తుంది. అమ్మ లేవదు. కొడుకే ఆమెని దాటుకుని వంటింట్లోకి వెళ్ళి స్టవ్ కట్టేస్తాడు. కరెంటు వస్తుంది.

“వెళ్ళేటప్పుడు మోటరేసి వెళ్ళు.”

అంతే. ఇప్పుడు ఒక కాగితం తీసుకుని ఈ సీనులో మారిందేమిటో ఒకే వాక్యంలో రాయండి. నేను రాసుకున్న వాక్యం ఇది: సీను మొదట్లో రహస్యం కొడుకు దగ్గర ఉంది, చివరికి అమ్మ దగ్గర ఉంది. మీ వాక్యం వేరుగా ఉండొచ్చు. అమ్మకి మొదటి రోజునుంచీ తెలుసని మీరు అనుకోవచ్చు, అప్పుడు సీను వేరేలా తీయాలి. ఏదైనా సరే, ఆ వాక్యం రాయకుండా కెమెరా ఆన్ చేయకండి. ఇక మీదట ‘ఇక్కడ క్లోజప్ పెట్టాలా, ఈ లైటు ఆర్పాలా’ అనే ప్రతి ప్రశ్నకీ జవాబు ఆ వాక్యంలోనే దొరుకుతుంది.

కెమెరా ఎక్కడ కూర్చోవాలి

మొదటి షాటు లాంగ్ షాట్. హాల్లో వెనక్కి జరిగి, వంటింటి ద్వారబంధం మొత్తం కనిపించేలా పెట్టండి. ఆ చట్రంలో అమ్మ చిన్నగా ఉంటుంది. ఇవతల హాల్లో కొడుకు వీపు, బ్యాగు కనిపిస్తాయి. ఇద్దరి మధ్య గడప ఉంది. “లేటవుతోంది” అనేవరకు దీన్ని కట్ చేయకండి. ఆ ఇంట్లో రోజూ జరిగే మాటలే ఇవి, ఇంకా ఏమీ మారలేదు. కెమెరా కూడా కదలకుండా ఉంటేనే అది రోజువారీ సంగతిలా అనిపిస్తుంది. కొత్తగా తీసేవాళ్ళకి ఇక్కడే చేయి ఆగదు. మాట మారినప్పుడల్లా మొహం మారుస్తారు. అలా చేస్తే అసలు మార్పు వచ్చేసరికి మన దగ్గర కొత్తది ఏమీ ఉండదు.

ఎత్తు సంగతి చాలామంది పట్టించుకోరు. మీరు నిలబడి ఫోను గుండె ఎత్తులో పట్టుకుంటే, పీట మీద కూర్చున్న అమ్మని పైనుంచి చూస్తున్నట్టు. ఆమె ఉన్నదానికంటే చిన్నదవుతుంది. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా దించి, ఆమె కళ్ళ ఎత్తుకి రండి. అప్పుడు ఆ ఇంట్లో ఎవరి పక్కన మనం కూర్చున్నామో తేలిపోతుంది.

కిందనుంచి తీస్తే మనిషి గొప్పగా, పైనుంచి తీస్తే బలహీనంగా కనిపిస్తాడని పాఠాల్లో చెబుతారు. అది సగమే నిజం. చివర్లో కొడుకు వంటింట్లోంచి తిరిగొచ్చి అమ్మ ముందు నిలబడితే, పీట ఎత్తునుంచి వాణ్ణి చూపించండి. లో యాంగిలే, కానీ వాడు గొప్పగా ఏమీ కనిపించడు. ఎత్తుగా పెరిగి, ఏం చేయాలో తెలియక నిలబడ్డ పిల్లాడిలా కనిపిస్తాడు, ఎందుకంటే అది అమ్మ చూపు. యాంగిల్‌కి సొంతంగా అర్థం ఉండదు, ఎవరు చూస్తున్నారన్న దాన్నిబట్టి వస్తుంది.

“పోనీ బాక్స్ పెట్టనా” దగ్గర మొదటి కట్ వేసి సజెషన్ షాట్లకి వెళ్ళండి. అంటే అమ్మ భుజం మీదుగా కొడుకు, కొడుకు నడుము పక్కనుంచి అమ్మ. ఫ్రేములో అవతలి మనిషి కొంచెం ఉన్నంతసేపు ఇద్దరూ ఇంకా ఒక మాటలో ఉన్నట్టే. కరెంటు పోయాక ఆ భుజం తీసేయండి. అమ్మ ఒక్కతే క్లోజప్‌లో. సీను మొత్తానికి అమ్మ క్లోజప్ ఇదొక్కటే, అప్పటిదాకా దాచుకోండి. ఆ తర్వాత కొడుకు క్లోజప్, వాడూ ఒక్కడే. ఒకే గదిలో రెండు అడుగుల దూరంలో ఉన్నా ఎవరి ఫ్రేములో వాళ్ళు ఒంటరిగా ఉంటారు. ‘అబద్ధం ఇద్దరినీ విడదీసింది’ అని ఎవరూ పలకక్కర్లేదు.

క్లోజప్ తీసేటప్పుడు ఫోను మొహం దగ్గరికి తీసుకెళ్ళకండి. మరీ దగ్గరికెళ్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి, మీ ఫోనులో 2ఎక్స్ లేదా 3ఎక్స్ లెన్సు ఉంటే అది వాడండి. నటించేవాళ్ళకీ ఊపిరాడుతుంది.

మీ సీనులో ఏ క్లోజప్‌కీ దానంతటది అర్థం ఉండదని కూడా గుర్తుంచుకోండి. రష్యాలో లేవ్ కులెషోవ్ అనే దర్శకుడు సుమారు నూరేళ్ళ క్రితం ఒక ప్రయోగం చేశాడు. ఇవాన్ మోజుకిన్ అనే నటుడి మొహం ఒకే షాటుని మూడుచోట్ల వాడాడు. ఒకచోట దాని పక్కన సూపు గిన్నె, ఒకచోట శవపేటిక, ఒకచోట ఒక స్త్రీ. చూసినవాళ్ళకి అదే మొహంలో ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం, ఒకసారి కోరిక కనిపించాయని చెబుతారు. దీన్ని మీరే చేసి చూడండి. కొడుకు ఏ భావమూ లేకుండా కిందికి చూస్తున్న షాటు ఐదు సెకన్లు తీయండి. దాని తర్వాత ఒకసారి గోంగూర కట్ట, ఒకసారి ఖాళీ టిఫిన్ బాక్స్, ఒకసారి గుమ్మం పక్కన శుభ్రంగా దులిపి పెట్టిన బూట్లు పెట్టి చూడండి. మూడోదానికి వాడి గొంతు పూడుకుపోయినట్టు కనిపిస్తుంది. నటుడు ఏమీ చేయలేదు. అందుకే ఈ సీనులో కొడుకు వేషం వేసినవాణ్ణి ఏడవమని అడగొద్దు. “బూట్ల వైపు చూడు, చూపు తిప్పుకో” అనండి, చాలు.

ఇక లుక్ తప్పకుండా చూసుకోవడం. అమ్మనీ కొడుకునీ కలుపుతూ నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. అది ఏలూరు కాలువ అనుకోండి. మీరు ఏదో ఒక గట్టు మీదే ఉండి అన్ని షాట్లూ తీయాలి. గట్టు మారితే ఎడమవైపు చూస్తున్న మనిషి కుడివైపు చూస్తాడు, ఇద్దరూ ఒకే దిక్కుకి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఏ గట్టు ఎంచుకోవాలో వెలుగు చెబుతుంది.

వెలుగు: ముందు ఆర్పండి, తర్వాత వెలిగించండి

గదిలో ఉన్న లైట్లన్నీ ఆర్పి, కిటికీ ఒక్కటే వదిలి, ఐదు నిమిషాలు ఊరికే చూడండి. వెలుగు ఎటునుంచి వస్తోంది, ఎక్కడ చచ్చిపోతోంది. ఈ సీనుకి ఉత్తరం వైపు కిటికీ ఉన్న గది దొరికితే అదృష్టం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ నేరుగా పడదు, మూడు గంటలసేపు తీసినా వెలుగు పెద్దగా మారదు. తూర్పు కిటికీ అయితే తొమ్మిదిన్నరకి నేల మీద పడ్డ ఎండ చారిక పదకొండుకి ఇంకోచోట ఉంటుంది. రెండు షాట్లు పక్కపక్కన పెడితే దొరికిపోతాం. అదొక్కటే ఉంటే పాత తెల్లపంచె అడ్డం కట్టండి.

అమ్మని కిటికీకి పక్కగా కూర్చోబెట్టండి, ఎదురుగా వద్దు. అప్పుడు వెలుగు ఒక చెంప మీద పడి, రెండో చెంప నీడలోకి పోతుంది. కెమెరా ఆ నీడ ఉన్న పక్క ఉండాలి. ఇదే మీ గట్టు. మొహంలో లోతు కనిపించేది ఇటునుంచే. కిటికీ వైపునుంచి, వెలుగుతో పాటు చూస్తే మొహం పళ్ళెంలా చదునుగా ఉంటుంది.

ఇప్పుడు ట్యూబ్‌లైట్ వెలిగించండి. గది అంతా ఒకే తెలుపు. మొహాల మీద నీడ లేదు, దాచుకోవడానికి మూల లేదు. సాధారణంగా కెమెరా పట్టినవాళ్ళు ఇది చూసి బాగాలేదని వెంటనే ఆర్పేస్తారు. ఈ సీనులో దాన్ని ఉంచండి. మొదటి సగం ఆ చదును వెలుగులోనే నడవాలి. మనందరి ఇళ్ళలో రోజువారీ అబద్ధాలు ట్యూబ్‌లైట్ కిందే జరుగుతాయి. కరెంటు పోగానే ఆ తెలుపు పోయి కిటికీ వెలుగు ఒక్కటే మిగులుతుంది. అమ్మ మొహానికి ఒక్కసారిగా ఒక పక్క, ఇంకో పక్క వస్తాయి. అంతవరకు చూసిన మనిషే, కానీ మనకి తెలియనిది ఆమెలో ఏదో ఉందని అప్పుడు అనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా జరుగుతుంది. చీకటి అంటే భయం అని అలవాటుగా అనుకుంటాం. ఇక్కడ చీకటి కొడుకుకి ఆసరా. గది నిండా వెలుగుంటే అమ్మ ఆ మాట అనదు, వాడి మొహంలోకి చూస్తూ అనలేదు. సగం చీకట్లో, ఆకు తుంచుతూ అంటుంది.

దీన్ని ఫోనుతో పట్టాలంటే ఒక పని తప్పనిసరి. ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. లేకపోతే ట్యూబ్‌లైట్ ఆరగానే ఫోను తనంతట తాను బొమ్మని మళ్ళీ వెలుతురుగా చేసేస్తుంది, మీ సీను అక్కడే పోతుంది. ముందు లైటు ఆర్పి, అమ్మ మొహంలో వెలుగు పడే పక్క సరిగ్గా కనిపించేలా పెట్టుకోండి. తెర మీద ఆమె మొహంపై వేలు నొక్కిపట్టి లాక్ చేయండి. ఇప్పుడు లైటు వేస్తే కొంచెం ఎక్కువ తెల్లగా ఉంటుంది. పరవాలేదు, గోడలు మరీ కాలిపోకుండా ఉంటే చాలు. వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏ రంగులో కనిపించాలో ఫోను చేసే సర్దుబాటు) కూడా పగటి వెలుగు దగ్గర, అంటే 5600 కెల్విన్ దగ్గర ఆపేయండి. ప్రో మోడ్ ఉన్న ఫోనైతే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ వెలుగు సెకనుకి వందసార్లు కొట్టుకుంటుంది. షట్టర్ దానితో కలవకపోతే బొమ్మ మీద చారలు పాకుతాయి.

కొడుకుని ఎక్కడ నిలబెట్టాలి? కిటికీకి దూరంగా, గదిలోపలికి. బల్బులాంటి చిన్న వెలుగైతే దూరం రెట్టింపయినప్పుడు మనిషి మీద పడే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. కిటికీ పెద్దది కాబట్టి అంత వేగంగా తగ్గదు, కానీ తగ్గుతుంది. అమ్మ వెలుగు పక్కన, వాడు మసకలో. వాడి మొహం మరీ మునిగిపోతే థర్మాకోల్ షీటు ఎదురుగా పట్టండి, కళ్ళు బతుకుతాయి. అమ్మ క్లోజప్‌కి మాత్రం థర్మాకోల్ వద్దు. పైగా నీడ ఉన్న పక్క నల్ల దుప్పటి వేలాడదీయండి. తెల్లగోడ నుంచి తిరిగొచ్చే వెలుగుని అది మింగేస్తుంది, నీడ చిక్కబడుతుంది.

వెలుగు ఎక్కడినుంచి వస్తోందో చూసేవాళ్ళకి తెలియాలి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే సృష్టించిన వెన్నెల గురించి తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది కల్పించిన వెన్నెల. అయినా ఆ చంద్రుణ్ణి, ఆ నీళ్ళని, వాటి మీది మెరుపుని చూశాక మనకి అనుమానం రాదు. మీ సీనులో కూడా మొదటి లాంగ్ షాట్‌లోనే కిటికీ అంచు ఒకటి కనిపించనివ్వండి. తర్వాత ఎంత నీడ పెట్టినా నమ్ముతారు.

శబ్దం: కెమెరా వెళ్ళని చోటికి వెళ్ళేది

కెమెరా పది అడుగుల దూరంలో ఉండి కూడా చెవిని అమ్మ వేళ్ళ దగ్గర పెట్టొచ్చు. మొదటి లాంగ్ షాట్‌లో గోంగూర ఆకు తుంచే చప్పుడు చాలా దగ్గరగా వినిపించేలా చేయండి. బొమ్మలో ఆమె చిన్నగా ఉంది, శబ్దంలో మన ఒళ్ళో కూర్చుంది. క్లోజప్ ఖర్చు పెట్టకుండానే మనం ఆమె పక్షాన చేరిపోతాం. “నిన్నా ఇదే అన్నావ్” అనేముందు ఆ చప్పుడు ఒక్క క్షణం ఆగాలి, మళ్ళీ మొదలవ్వాలి.

కుక్కర్ ఈ సీనుకి గడియారం. మన ఇళ్ళల్లో విజిల్స్ లెక్కపెట్టని అమ్మ ఉండదు. వేరే గదిలో ఫోన్ మాట్లాడుతున్నా మూడో విజిల్‌కి లేచి వస్తుంది. అందుకే చూసేవాళ్ళూ తెలియకుండానే లెక్కపెడుతుంటారు. ఒకటి, రెండు లాంగ్ షాట్‌లోనే, మాటల మధ్య. మూడోది “క్యాంటీన్ ఉందిగా” అన్న వెంటనే. అమ్మ లేవాలి. లేవదు. నాలుగోది వచ్చినా లేవదు. ఆమె మనసులో ఏం జరుగుతోందో చెప్పడానికి ఇంతకంటే మంచి మాట నాకు తెలియదు. ఇది రాసే మాట కూడా కాదు, వినిపించేది. వేరే దేశంవాళ్ళకి కుక్కర్ విజిల్ వట్టి టెన్షన్ పెట్టే శబ్దం. మన ప్రేక్షకులకి అది పప్పు మాడిపోతుందన్న కబురు కూడా.

ఇక కరెంటు పోయినప్పుడు. నిశ్శబ్దం అంటే శబ్దాలన్నీ తీసేయడం అనుకుంటారు. పూర్తిగా తీసేస్తే ఫోను పాడైందేమో అని చూసుకుంటారు. నిజంగా కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఫ్యాను హోరు తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది. అప్పటిదాకా ఆ హోరు కింద దాగున్నవన్నీ బయటికొస్తాయి. పక్కింటి గిన్నెల చప్పుడు, కాకి, వీధిలో “కరెంటు పోయిందా మీకూ?” అన్న కేక, స్టేషన్ వైపునుంచి రైలు కూత. దూరంగా ఉన్నవి వినిపించినప్పుడే గది ఖాళీగా అనిపిస్తుంది. వీటిలో ఒకటో రెండో ఎంచుకోండి. నేనైతే రైలు కూత ఒక్కటి, చాలా దూరంగా పెడతాను. అది పోయాక రెండు సెకన్లు ఆగి, “బూట్ల నిండా ఇసకరా.”

రికార్డింగ్ సంగతికి వద్దాం. ఇక్కడ ఓపిక పట్టినవాళ్ళ సినిమా వేరేగా ఉంటుంది. రెండో ఫోను లేదా కాలర్ మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. అమ్మకైతే పవిట లోపల, కొడుక్కైతే చొక్కా గుండీల వెనక. బట్ట రాసుకోకుండా టేపు వేయండి. ప్రతి షాటు మొదట్లో ఫ్రేములో ఒకసారి చప్పట్లు కొట్టండి, తర్వాత బొమ్మనీ శబ్దాన్నీ కలపడానికి అదే ఆధారం. మాటలు తీసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ రెండూ కట్టేయండి. మీ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టండి. వెళ్ళేటప్పుడు దానికోసం తెరుస్తారు, ఫ్రిజ్ మళ్ళీ ఆన్ చేయడం గుర్తొస్తుంది. ఇల్లు ఇచ్చినవాళ్ళ పాలు పాడవ్వవు.

మరి సీనులో ఫ్యాను తిరగాలి కదా? లాంగ్ షాట్‌లో ఫ్యాను వేసే తీయండి, గోడ మీది క్యాలెండర్ కాగితం ఊగుతూ ఉంటుంది. అవే మాటలు షాటు అయిన వెంటనే ఫ్యాను ఆపి, అదే చోట, అదే ఊపులో మళ్ళీ చెప్పించి రికార్డు చేయండి. లాంగ్ షాట్‌లో పెదవులు అంత స్పష్టంగా కనిపించవు, సరిపోతుంది. ఆ తర్వాత తీసే సజెషన్ షాట్లలో ఫ్యాను వద్దు, ఆ హోరు ఎడిటింగ్‌లో కలుపుకోవచ్చు. ఫ్యాను ఆగే శబ్దాన్ని విడిగా నాలుగైదుసార్లు పట్టండి. క్యాలెండర్ ఊగి ఊగి ఆగడం కూడా విడిగా ఒక షాటు తీసుకోండి, ఎడిటింగ్‌లో ఎక్కడ పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది.

కుక్కర్ కూడా విడిగానే. మాటలు తీసేటప్పుడు స్టవ్ వెలిగించవద్దు. విజిల్ రికార్డు చేసేటప్పుడు ఫోను మూడు నాలుగు అడుగుల దూరంలో పెట్టి, మీటరు ఎర్రగీత తాకకుండా చూసుకోండి. ఒకసారి శబ్దం పగిలిపోతే ఎంత తగ్గించినా బాగుపడదు. గోంగూర, తలుపు గడియ, స్టవ్ నాబ్ తిప్పిన టిక్కు, బూట్లోంచి కాగితం మీదికి ఇసుక జారే చప్పుడు, అన్నీ దగ్గరనుంచి పట్టండి.

అన్నీ అయ్యాక అందరినీ ఉన్నచోటే కదలకుండా నిలబెట్టి, మాటల్లేని గది శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. ఒకసారి ఫ్యానుతో, ఒకసారి ఫ్యాను లేకుండా. మాటల మధ్య అతుకులు కనిపించకుండా కప్పేది ఇదే. దీన్ని అందరూ వదిలేస్తారు, ఎడిటింగ్‌లో దీనికోసమే వెతుక్కుంటారు.

నది ఒడ్డున ఒక్క షాటు

సీను చివర ఒక షాటు ఉంది, ఇప్పటిదాకా చెప్పలేదు. కొడుకు మోటరు స్విచ్ వేసి వెళ్ళిపోతాడు. మోటరు మోత మొదలవుతుంది. ఆ మోత ఆగకుండానే బొమ్మ మారుతుంది. బ్యారేజీ దిగువన ఇసుకలో వాడు కూర్చుని ఉంటాడు. ఇల్లు వాడి వెనకే వచ్చింది. నాలుగైదు సెకన్ల తర్వాత మోటరు మెల్లగా చచ్చి, గాలి, బ్యారేజీ మీది బండ్ల రొద పైకొస్తాయి. ఈ మొత్తం సీనులో నాకు ఇష్టమైన కట్ ఇది. కెమెరా ఏ తెలివీ చూపించలేదు, శబ్దం ఒక్కటే కొంచెం ఆలస్యంగా ఇల్లు వదిలింది.

దీన్ని మిట్టమధ్యాహ్నం తీయండి. మామూలుగా మన ఎండలో ఆ వేళ తీయొద్దంటాను, కళ్ళ కింద గుంటలు పడతాయి. ఇక్కడ అదే కావాలి, దాక్కోవడానికి నీడ లేని చోటు. ఇసుకే కిందనుంచి వెలుగుని తిప్పికొట్టి కళ్ళని కొంత కాపాడుతుంది. వాడు ఫ్రేములో చిన్నగా, వెనక బ్యారేజీ గేట్ల వరస పొడుగ్గా. గేట్లు ఎత్తే రోజుల్లో, నీళ్ళు వదులుతారన్న హెచ్చరిక ఉన్నప్పుడు దిగువకి దిగనే వద్దు. అనుమతి లేకుండా అక్కడ డ్రోన్ ఎగరేయొద్దు, ఈ షాటుకి దాని అవసరమూ లేదు.

గాలిని తేలిగ్గా తీసుకోకండి. నా మొదటి సినిమాలో కృష్ణ ఒడ్డున తీసిన సీను మొత్తం బురబురమనే గాలి తప్ప ఒక్క మాట వినిపించలేదు. ఇద్దరు నటులూ ఆ రోజు నిజంగా బాగా చేశారు, ఆ గొంతులు మళ్ళీ రాలేదు. డబ్బింగ్‌లో మాటలొచ్చాయి, ఆ వణుకు రాలేదు. మైకుకి బొచ్చు తొడుగు వేయండి, లేదా మందపాటి మేజోడు తొడిగి గాలికి వీపు పెట్టి నిలబడండి.

నది దగ్గర ఇంకో సంగతి గమనించండి. బ్యారేజీ పొడవు 1223 మీటర్ల పైచిలుకు. సీతానగరం చివర మోగిన హారన్ విజయవాడ చివరకి చేరడానికి సుమారు మూడున్నర సెకన్లు పడుతుంది. దూరంగా రైలు వంతెన మీద రైలు వెళ్తుంటే బొమ్మ ముందు, చప్పుడు తర్వాత వస్తుంది. ఎడిటింగ్‌లో రెండూ సరిగ్గా కలిపేస్తే రైలు దగ్గరున్నట్టు, కొంచెం ఆలస్యం ఉంచితే దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. వాడి ఒంటరితనానికి ఆ ఆలస్యం పనికొస్తుంది.

కూర్చడం, చూపించడం

ముందు మ్యూజిక్ లేకుండా కూర్చండి. ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) ఎలాగూ కప్పేస్తుందన్న ధైర్యం ఉంటే అతుకులు అలాగే వదిలేస్తాం. నా ఉద్దేశంలో ఈ సీనుకి మ్యూజిక్ అక్కర్లేదు. పెట్టి తీరాలనిపిస్తే నది షాటులో, మోటరు చచ్చాక పెట్టండి. అమ్మ క్లోజప్ మీద మాత్రం పెట్టకండి, అక్కడ నాలుగో విజిల్ ఉంది.

తర్వాత రెండు పరీక్షలు. శబ్దం పూర్తిగా తగ్గించి బొమ్మ ఒక్కటే చూడండి. ఏదో మారిందని తెలియాలి, ఏం మారిందో పూర్తిగా తెలియకూడదు. మళ్ళీ కళ్ళు మూసుకుని శబ్దం ఒక్కటే వినండి. ఇక్కడా అంతే. రెండింటిలో ఏ ఒక్కటి కథంతా చెప్పేస్తున్నా, రెండోది ఊరికే కూర్చున్నట్టు. అప్పుడు ఎక్కువ చెబుతున్నదాన్ని తగ్గించండి. నాకు ఎక్కువసార్లు తగ్గించాల్సి వచ్చింది మొహాల మీది భావాలే.

ఆఖరున ఈ కథ తెలియని ఒకరిని టీవీ ముందు కూర్చోబెట్టి చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళయితే ఇంకా మంచిది. ‘బాగుందా’ అని అడగొద్దు, బాగుందనే అంటారు. ‘ఏం జరిగింది?’ అని అడగండి. “ఏదో ఇంట్లో కరెంటు పోయింది” అంటే, ఇసుక మాటకి ముందున్న రెండు సెకన్లని నాలుగు చేసి మళ్ళీ చూపించండి. “పాపం వాడికి ఉద్యోగం పోయింది” అని వెంటనే అనేస్తే, బూట్ల షాటు నిడివి సగం తగ్గించండి. కాసేపు ఆగి, “అవునూ, ఆవిడకి ముందే తెలుసంటావా?” అని మిమ్మల్నే ఎదురడిగితే, ఫైలు సేవ్ చేసి, మిగతా సినిమా రాయడం మొదలుపెట్టండి.